కన్ను పెట్టని ఏనుగు

బాల్కనీలో తులసికుండీ పక్కన ఓ మట్టికుండ పెట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. అందులో తుప్పుపట్టిన మేకులు, విరిగిపోయిన పాత బకెట్ పిడి, గుప్పెడు బెల్లం ముక్కలు, మునిగేదాకా నీళ్లు. మూతికి పాత చీరముక్క కట్టాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదోరోజు పొద్దున తలుపు తీయగానే వాసన మొహానికి కొట్టింది. పులిసిన కల్లు వాసన, దాని వెనకే బావి గిలక తుప్పు వాసన.

మా కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఏంటత్తయ్యా ఇది?" అంది.

"సిరా" అన్నాను.

ఆమె ఇంకేదో అడుగుతోంది కానీ నేనప్పటికే అక్కడ లేను. శ్రీకాళహస్తిలో, ఒక పెంకుటింటి వసారాలో, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదో తరగతి. రెండు జడలు, మోకాళ్ల దాకా పావడా.

*

మాది చంద్రగిరి. హైస్కూల్లో వేసవి సెలవులయ్యాక బడి తెరిచే ముందురోజు పెద్దపిల్లల్ని పిలిపించేవారు, బోర్డులకు నలుపు పుయ్యడానికి. బొగ్గు నూరి, ఆకుపసరు కలిపి, గుడ్డతో రుద్దేవాళ్లం. ఆ రోజు ఇంటికి పోతే చేతుల నలుపు రెండు రోజులు వదిలేది కాదు. కొత్తగా నలుపెక్కిన బోర్డు మీద మొదటి సుద్దగీత పడితే ఎంత తెల్లగా ఉండేదో! ఆ మొదటి గీత ఎవరు గీస్తారా అని మాకు పోటీ.

మా ఇళ్లల్లో టీచర్లందరూ అయ్యోర్లే. లెక్కల అయ్యోరు, తెలుగు అయ్యోరు, డ్రిల్లు అయ్యోరు. ఆడవాళ్లయితే టీచరమ్మ. ఎదురుగా మాత్రం సార్, టీచర్. డ్రాయింగ్ అయ్యోరికి వారానికి ఒక్క పీరియడు. అదీ పరీక్షలు దగ్గర పడితే ఇంగ్లీషు సారు తీసేసుకునేవారు. ఇప్పుడు చాలా బళ్లలో ఆ ఒక్క పీరియడు కూడా లేదని వింటుంటే నాకు బాధగా ఉంటుంది. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ పీరియడులోదే.

ఆ బడికి రాకముందు వేరే ఊళ్లో ఒక ఏడాది చదివాను. అక్కడి సారు తప్పు రాస్తే పేజీ మొత్తం ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, నోటుబుక్కు ఎత్తి క్లాసంతటికీ చూపించేవారు. ఒకసారి నా పేజీ చింపేశారు కూడా. దాంతో నాకొక అలవాటు పట్టుకుంది. తప్పు రాశానని తెలియగానే నాన్న గడ్డం గీసుకునే పాత బ్లేడుతో సిరా గీకేసేదాన్ని. మెల్లగా, పొట్టు రాలేలా. కాగితం పల్చబడి ఒక్కోసారి చిల్లు పడేది. చిల్లు కనిపిస్తే ఇంకా భయం. పదకొండేళ్ల పిల్లకి రోజూ కడుపులో ఆ టెన్షన్ ఎందుకు? ఇన్నేళ్లయినా ఆ సారుని నేను క్షమించలేదు.

డ్రాయింగ్ అయ్యోరు మొదటి రోజే నా జామెట్రీ బాక్సులోంచి రబ్బరు, బ్లేడు రెండూ తీసి తన జుబ్బా జేబులో వేసుకున్నారు. నా ఒక్కదానివే కాదు, అందరివీ. జేబు బరువుకి జుబ్బా ఒకపక్కకి వంగింది.

"గీసేది గీసినావు. ఇప్పుడు దాన్ని ఏం జేస్తావో చెప్పు" అనేవారు. అరిచేవారు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగేవారు. కాకిని వేయబోతే కుండలా వచ్చిందనుకోండి, "కుండ బానే ఉండాదే. కాకిని దాని మీద కూర్చోబెట్టు" అనేవారు.

*

సోషల్ అయ్యోరు ఒకరుండేవారు. పుస్తకం తెరిచి పాఠం చెప్పింది తక్కువ. కోట మా ఊళ్లోనే ఉంటే పుస్తకం ఎందుకనేవారు. ఒక మధ్యాహ్నం మమ్మల్ని వరసలో నడిపించుకుని రాజమహల్‌కి తీసుకెళ్లారు. అప్పట్లో మాకది మహలేం కాదు, దాగుడుమూతల చోటు. గబ్బిలాల కంపు, చల్లటి నేల, పైకెక్కితే ఎర్రటి కొండ.

లోపల నిలబెట్టి ఒకటే మాట చెప్పారు. "ఈ మూడంతస్తుల్లో కొయ్య యాడుండాదో చూపించండి. మొదట చూపించినోళ్లకి నా పెన్ను."

ఆయన పెన్ను బంగారు పాళీది. మేం పరిగెత్తాం. దూలాలు వెతికాం, వాసాలు వెతికాం, మెట్ల కింద దూరాం. పైకప్పు చూశాం. కమానులు, గోపురాలు, మళ్లీ కమానులు. అరగంటకి చెమటలు కక్కుతూ కిందికొచ్చి "లేదు సార్" అన్నాం, ఓడిపోయినట్టు.

"లేదు. ఈ మేడ నిలబెట్టిన కొయ్య ఒక్కటి కూడా లేదు. ఇటుక, రాయి, సున్నం. అంతే. మరి కప్పు ఎట్ల నిలబడింది?" అని గోడకానుకుని కూర్చుని, మా చేతుల్నే కమానులా పట్టించి, ఒకరి మీద ఒకరు వాలించి చూపించారు. నా అరచేతుల్ని మా శాంత అరచేతులు నెడుతుంటే బరువు పక్కలకి పోవడం తెలిసింది. నాకు ఫిజిక్స్ మొదలయింది అక్కడే.

ఆ రోజే చెప్పారు, మద్రాసు పట్నం పుట్టుక కూడా ఈ రాజ్యంతో ముడిపడిందని. 1639లో చంద్రగిరి రాజుల కింద నాయకుడైన దామర్ల వెంకటాద్రి ఇంగ్లీషు కంపెనీకి సముద్రం ఒడ్డున ఇంత జాగా ఇచ్చాడు, వాళ్లు అక్కడ కోట కట్టుకున్నారు. మాకు మద్రాసంటే సినిమాలు, కంటాసుపత్రి. అంత పెద్ద ఊరికి మా ఊరు చుట్టమని తెలిసి ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మకి చెప్తే, "అయితే మద్రాసోళ్లని మనకి బాడిగ కట్టమను" అంది చెనక్కాయలు వలుస్తూ.

పెన్ను ఎవరికీ రాలేదు. అయినా ఆయన మరుసటి వారం అందరికీ తలా ఒక బలపం పెట్టె కొనిచ్చారు. తొమ్మిదో తరగతి వాళ్లకి బలపాలేంటని నవ్వుకున్నాం. నా పెట్టె చాలా ఏళ్లు దాచుకున్నాను.

*

లెక్కల టీచరమ్మ గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఆమెది మా వీధే. సాయంత్రం అరుగు మీద కూర్చుని మల్లెమొగ్గలు కడుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తలెత్తేది కాదు. మేం తప్పు చెప్తే చెయ్యి ఆగేది, అంతే. దారం ఆగిందంటే మళ్లీ వెనక్కి పోవాలని మాకు తెలుసు.

ఒకరోజు "ఏ అంకె అయినా అనుకో, దాన్ని తారుమారు చేసి రాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్. మిగిలింది తొమ్మిదో ఎక్కంలో ఉంటుంది" అంది. 63లోంచి 36 తీస్తే 27. 82లోంచి 28 తీస్తే 54. మేం వీధిలోని ఇంటి నంబర్లన్నీ తారుమారు చేసి చూశాం. ఒక్కటీ తప్పలేదు. ఎందుకు అని అడిగితే, "పదుల్లో ఉన్నది ఒకట్లలోకి పోయింది కదా, పదికీ ఒకటికీ తేడా ఎంత?" అని మళ్లీ దారం అందుకుంది. ఆ జవాబు నాకు ఆ రాత్రి పడుకున్నాక అర్థమయింది. లేచి కూర్చున్నాను.

*

ఇక కాళహస్తి.

ఒక ఆదివారం. ఆరుగురం పిల్లలం, డ్రాయింగ్ అయ్యోరు. తిరుపతిలో బస్సు మారాలి. అక్కణ్నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. అమ్మ అరిటాకులో చిత్రాన్నం కట్టిచ్చింది. సగం మంది బస్సు చార్జీ అయ్యోరే పెట్టుకున్నారని చాలా కాలం తర్వాత తెలిసింది.

కలంకారీ ఆ ఊళ్లో పాతదే, కానీ ఒకప్పుడు చేసేవాళ్లు కరువై దాదాపు ఆగిపోయే స్థితికొచ్చింది. చేతిపనులను బతికించడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఇదంతా బస్సులో కిటికీ ఊచ పట్టుకుని నిలబడి చెప్పారు అయ్యోరు. మేం సగం విన్నాం, సగం ఏర్పేడు దగ్గర తాటిముంజలు చూశాం.

పెంకుటింటి వసారాలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ముందు పొట్టి బల్ల, దాని మీద కంబళి, కంబళి మీద లేత పసుపు గుడ్డ. అది మామూలు నూలు గుడ్డే. కరక్కాయ నూరి పాలల్లో కలిపి, అందులో ముంచి ఎండేసింది. దగ్గరికి వంగితే విరిగిన పాల వాసన, వగరు వాసన. కలం అంటే పెన్ను అనుకున్నాను. వెదురు పుల్ల అది. కొన చెక్కి, కొంచెం పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కట్టారు. ఉన్నిని సిరాలో ముంచి, రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీస్తారు. నొక్కడంలోనే ఉంది పనంతా. ఎక్కువ నొక్కితే బొట్టు, తక్కువ నొక్కితే గీత తెగుతుంది.

ఆ సిరా పేరు కసిం. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి పులియబెడతారు. కుండ మూత తీసి చూపిస్తే మేం ఆరుగురం వెనక్కి గెంతాం.

పెద్దాయన ముందు చింతపుల్ల కాల్చిన బొగ్గుతో అమ్మవారి ముక్కు, గడ్డం గీశారు. తర్వాత కలం ముంచి దాని మీదుగా పోనిచ్చారు. నేను అనుకున్నట్టు నల్లగా రాలేదు. పల్చటి టీ రంగు గీత. "ఇంతేనా?" అని పైకే అన్నాను. ఆయన నవ్వి, "సూడు" అన్నారు.

చూస్తున్నాను. గీత ముదురుతోంది. మొదలుపెట్టిన చోట నల్లబడింది, కొన దగ్గర ఇంకా గోధుమ రంగే. ఎవరో కనపడని మనిషి అదే గీత మీద రెండోసారి గీస్తున్నట్టు నలుపు మెల్లగా ముక్కు మీంచి దిగి పెదవి దాకా వచ్చింది. ఎవ్వరం మాట్లాడలేదు.

అయ్యోరు అప్పుడు తన సంచిలోంచి మామూలు తెల్లగుడ్డ ముక్క తీసి, అదే కసింతో ఒక చుక్క పెట్టించారు. చుక్క చుట్టూ పాకిపోయింది. రంగు తుప్పు మరకలానే ఉండిపోయింది. "ఏం తేడా?" అన్నారు. మేం తలా ఒకటి చెప్పాం. చివరికి శాంతే పట్టుకుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తేనే నలుపు. పాలలోని కొవ్వు ఉంటేనే సిరా పాకకుండా నిలబడేది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రసాయన చర్య అన్న మాట నాకు ఒంటపట్టలేదు. ఆ రోజు కళ్లెదుట జరిగింది.

మాకు తలా ఒక గుడ్డ ముక్క ఇచ్చారు. ఊరి పేరులోనే ఉన్న మూడింటిలో ఏదో ఒకటి వెయ్యమన్నారు. సాలీడు, పాము, ఏనుగు. నేను ఏనుగు తీసుకున్నాను, తొండంతో లింగానికి నీళ్లు పోస్తున్నది. తొండం బాగా వచ్చింది. వీపు వచ్చింది. ముందు కాలు దించేటప్పుడు గట్టిగా నొక్కేశాను. చింతపిక్కంత బొట్టు, కాలి కింద.

ఒళ్లంతా చల్లబడింది. చెయ్యి దానంతటదే బ్లేడు కోసం పావడా జేబు తడుముకుంది. గుడ్డని ఎట్లా గీకుతారు? బొట్టు నా కళ్ల ముందే టీ రంగులోంచి నల్లగా మారుతోంది. ఏడుపొచ్చేసింది.

పెద్దాయన అయ్యోరి వైపు చూశారు. అయ్యోరు నా పక్కన గొంతుకు కూర్చుని, ఎప్పటిలాగే అడిగారు. "ఇప్పుడు దాన్ని ఏం జేస్తావు?"

ఎంతసేపు చూశానో తెలీదు. ఆయన తొందర పెట్టలేదు, ఉపాయమూ చెప్పలేదు. బొట్టు ఒకపక్క కొంచెం కొనదేలి ఉంది. ఆ కొన దగ్గర్నుంచి సన్నగా కాడ దించాను. రెండు రేకులు విడదీశాను. కింద మూడు అలలు. తామరమొగ్గ అయింది. ఏనుగు చెరువులో నిలబడింది.

పెద్దాయన చూసి, "నీళ్లు పోసే ఏనుక్కి నీళ్లుండాల గదా" అన్నారు. ఆ మాట విన్నాక భూమ్మీద కాళ్లు ఆనలేదు నాకు.

భోజనాలు స్వర్ణముఖి ఒడ్డున. ఏరంతా ఇసకే, మధ్యలో ఒక పాయ పారుతోంది. అందులో నిలబడి రంగుగుడ్డలు జాడిస్తున్నారు. పారే నీళ్లయితేనే అక్కర్లేని రంగు కొట్టుకుపోతుంది, నిలవ నీళ్లలో ముంచితే తెల్లగా ఉండాల్సిన చోట కూడా పట్టేస్తుందట. ఇసక మీద దేవుళ్లు, రాక్షసులు ఆరేసి ఉన్నారు. చిత్రాన్నం తింటూ వాళ్లని చూశాం.

ఏనుగు కన్ను మాత్రం పెట్టలేదు. కన్ను చివర పెట్టాలన్నారు పెద్దాయన. చివరకొచ్చేసరికి బస్సు టైమయింది.

*

కాలేజీకి తిరుపతి వెళ్లేదాన్ని, పద్మావతి మహిళా కళాశాల. చంద్రగిరిలో పొద్దున పాసింజరెక్కితే దిగేసరికి జాకెట్టు భుజాల మీద బొగ్గునుసి. అప్పుడది మీటర్‌గేజి. ఆడవాళ్ల పెట్టెలో పాలవాళ్లు, పూలవాళ్లు, మేము. పూలబుట్టల మధ్య పుస్తకం తెరిచి చదివేదాన్ని. నా డిగ్రీ నోట్సుల్లో ఇప్పటికీ కనకాంబరం మరకలుంటాయి.

అక్కడి తెలుగు లెక్చరర్ గారి గొంతు చాలా చిన్నది. వెనక బెంచీకి వినపడేది కాదు. అందుకే క్లాసంతా ముందు బెంచీల్లోకి జరిగి కూర్చునేది. అన్నమయ్య రాగిరేకుల సంగతి ఆమె దగ్గరే విన్నాను. 1922లో తిరుమల గుడిలో సంకీర్తనా భాండారంలోంచి ఆ రేకులు బయటికి తీశారని, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు వాటి మీద ఏళ్లకేళ్లు కూర్చున్నారని. పాతకాలం రాతలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

అది అర్థం కావడానికి బోర్డు మీద ఒక వాక్యం కలిపి రాశారు. కొండకిందరాజుకున్నదిచూడు.

"కొండ కింద రాజుకు ఉన్నది చూడు" అని నేను చదివాను. నాకు రాజమహలే కళ్లలో ఉంది. నా వెనక అమ్మాయి "కొండ కింద రాజుకున్నది చూడు, నిప్పు అంటుకుందని" అంది. ఇద్దరం వాదించుకున్నాం. ఎవరిది తప్పు అని అడిగాం. ఆమె తప్పని ఎవరినీ అనలేదు. "పైన ఏముందో, కింద ఏముందో చదివి అప్పుడు చెప్పండి" అన్నారు. ఒక్క వాక్యాన్ని దాని ఇరుగుపొరుగులోంచి విడదీసి తీర్పు చెప్పకూడదని నాకప్పుడు తెలిసింది. ఆమె వల్లే పుస్తకాలు నెమ్మదిగా చదువుతాను. ఇప్పటికీ అంతే.

*

ఉద్యోగం బ్యాంకులో వచ్చింది. కంప్యూటర్లు లేని రోజులు. మోకాలెత్తు లెడ్జర్లు, అట్టలకి ఖాకీ గుడ్డ. చేరిన మూడోరోజు ఒక ఖాతాలో అంకె తప్పు రాశాను. చెయ్యి వణికింది. గభాలున దాని మీద పెన్నుతో రుద్ది కప్పెయ్యబోతుంటే హెడ్ క్లర్కు గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"అమ్మా, లెడ్జర్లో ఏదీ చెరపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టు. కింద తప్పంకె చదవడానికి వీలుగా ఉండాలి. పైన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టు."

ఆయనకేం తెలుసు, అప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారో. సంతకం పెడుతుంటే కళ్లు చెమర్చాయి. దుమ్ము పడిందన్నాను.

ఇంకోసారి రాత్రి ఎనిమిదైనా పుస్తకాలు కలవలేదు. 270 రూపాయలు తేడా. అందరూ మొదట్నుంచి కూడడం మొదలుపెట్టారు. నేను 270ని తొమ్మిదితో భాగించి చూశాను, నిశ్శేషంగా పోయింది. "ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి సార్, కూడొద్దు, అలాంటివి వెతుకుదాం" అన్నాను. పావుగంటలో దొరికింది. 5,580 రాయాల్సిన చోట 5,850. ఆ రాత్రి ఆఖరి బస్సులో, మల్లెపూల దారం ఆగి మళ్లీ కదిలినట్టు అనిపించింది. టీచరమ్మ అప్పటికే లేదు. ఆమెకి చెప్పలేకపోయానన్నది నాకు తీరని లోటు.

*

అందుకే పోయిన నెల చంద్రగిరి వెళ్లాను. డ్రాయింగ్ అయ్యోరికి ఎనభై దాటాయి. ఒక కంట్లో చూపు లేదు, రెండో కంటికి ఆపరేషనయింది. నన్ను గొంతుతో పోల్చుకున్నారు. వాళ్లావిడ కాఫీ తెచ్చింది. నేను బీరువా అడుగునుంచి తీసుకెళ్లిన గుడ్డ ఆయన ఒళ్లో పెట్టాను. రంగులెయ్యలేదు, ఉతకలేదు, ఒట్టి గీతలు.

ఆయన ముందు వాసన చూశారు. ఇన్నేళ్లకీ పోలేదు కరక్కాయ వాసన. తర్వాత వేలితో గీతల వెంట వెళ్లారు, తొండం మీంచి, వీపు మీంచి, కాలి దాకా. మొగ్గ దగ్గర ఆగారు. కిటికీ వెలుతురులోకి ఎత్తి, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఇది నేను చెప్పలేదే."

"లేదు సార్. మీరు అడిగినారు, అంతే."

చాలాసేపు చూశారు. తర్వాత "కన్నేది మే?" అన్నారు.

"బస్సుకు టైమయిందని మీరే లేపినారు సార్."

"అట్లనా" అని కాసేపు ఊరుకున్నారు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. "పెన్నుతో పెట్టబాక. ఇనుము, బెల్లం నానెయ్. ఇరవై రోజులకి వస్తాది నలుపు. కుండ ఎత్తుకోని రా. వెదురు పుల్ల నేను చెక్కిపెడతా."

ఇంకా పదకొండు రోజులుంది. ఇందాక కుండ మూతి చీరముక్క విప్పి చూశాను, బుడగలు లేస్తున్నాయి. కోడలు కూడా వంగి చూసింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.